సరుకు పేరు

టార్నీట్,
మార్చి

ప్రియమైన ప్రిస్సీకి,

వదిన ఉత్తరం రాసిందేమిటి అని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే మీ అన్నయ్య కారులో ఉన్నా వంటింట్లో ఉన్నా స్పీకర్ పెట్టేస్తారు, "చెల్లీ, ఏం కూర?" అంటూ మధ్యలో దూరుతారు. మెయిల్ ఇద్దామంటే ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాపూ ఇద్దరిదీ. నేనెలాగూ పార్సెళ్ళు పట్టుకుని రోజూ పోస్టాఫీసుకి వెళ్తాను. వాటితో పాటు ఇదీ పడేస్తాను. జవాబు మాత్రం షాపు పోస్ట్‌బాక్స్‌కి రాయి, ఇంటికి వద్దు.

నా షాపు సెలా కేర్ కార్డు ఖాతా మూసేశారు ప్రిస్సీ. వెబ్‌సైట్లో కార్డు డబ్బులు తీసుకునే కంపెనీ వాళ్ళు పొద్దున్నే ఒక మెయిల్ పంపారు. మీ ఖాతా రద్దు చేశాం, మీ వివరాలు ఇతర సంస్థలకి తెలియజేయవచ్చు అని. ఎందుకో చెప్పలేదు. ఇంకో కంపెనీకి అప్లై చేశాను, కాదన్నారు. మూడో చోట ఒక అమ్మాయి జాలిపడి గొంతు తగ్గించి చెప్పింది: "మీ పేరు ఒక లిస్టులో ఉందండీ. ఇంతకంటే నేను చెప్పకూడదు." నువ్వు పనిచేసేది అలాంటి కంపెనీలోనే, అదీ రిస్క్ టీములో. ఆ లిస్టేమిటో నువ్వే చెప్పాలి.

కానీ ముందు నేను నీకొకటి చెప్పాలి. మీ అన్నయ్యకి నా షాపు గురించి మెడికల్ సప్లైస్ అని చెప్పాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. మేం సిడ్నీలో ఉన్నప్పుడు నేను మీ వెస్ట్‌మీడ్‌లోనే రేడియేషన్ వార్డులో చేశాను కదా. గర్భాశయం దగ్గర క్యాన్సర్‌కి రేడియేషన్ అయిన ఆడవాళ్ళకి లోపల బిగుసుకుపోతుంది. ఆ బిగుతు తగ్గించే గొట్టాలున్న ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి, ఇది ఇలా వాడండి అని కాగితం ఇచ్చి పంపేసేవాళ్ళం. ఒకావిడ, స్కూల్ ప్రిన్సిపాల్, నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, మా ఆయన పక్కన మళ్ళీ పడుకోగలనా?" అని అడిగింది. అంత పెద్ద హాస్పిటల్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే డిపార్ట్‌మెంట్ లేదు.

నా షాపు అందుకు. ఆ డబ్బాలూ అమ్ముతాను, జెల్లులూ అమ్ముతాను, మెత్తటి దిండ్లు అమ్ముతాను, వైబ్రేటర్లు కూడా అమ్ముతాను. రాసేశాను. నీకు రాయడానికే ఇంతసేపు పెన్ను కొరుకుతూ కూర్చున్నాను, ఇక మీ అన్నయ్యకి ఎలా చెప్పను? ఆయన చర్చి ఫెలోషిప్‌లో పాటలు పాడించే మనిషి.

ఖాతా పెట్టించిన విజయభాస్కర్ గారు (ఇక్కడ చిన్న షాపులన్నిటికీ కార్డు మెషీన్లు ఆయనే పెట్టిస్తాడు) ఒక దారి చెప్పాడు. "సిస్టర్, టెన్షన్ పడకండి. మన కిట్టు కిరాణా కొట్టు మెషీన్ మీద నడిపిద్దాం. బియ్యం, పప్పు అని పడుతుంది. మీ కస్టమర్లకీ గుట్టుగా ఉంటుంది." సగం ఒప్పుకున్నాను. నీ మాట విన్నాకే మిగతా సగం.

మీ అన్నయ్యకి చెప్పకు.

నీ వదిన,
మరియరాణి


వెస్ట్‌మీడ్,
మార్చి

వదినా,

కిరాణా కొట్టు మెషీన్ వద్దు. మిగతాదంతా తర్వాత చదువుకో, ముందు ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పు. ఒకరి సరుకు డబ్బు ఇంకొకరి ఖాతాలోంచి నడపడం అంటే మనీ లాండరింగ్‌కి చుట్టరికం. మాలాంటి వాళ్ళం రోజంతా వెతికేది సరిగ్గా దాన్నే. కిరాణా కొట్లో జనం కందిపప్పు కొనే టైముకీ నీ కస్టమర్లు కొనే టైముకీ పోలికే ఉండదు. ఇట్టే దొరుకుతుంది. దొరికితే కిట్టు కూడా లిస్టులో పడతాడు. పాపం, బియ్యం అమ్ముకునేవాడు బియ్యం కూడా అమ్ముకోలేడు. కొత్త పేరుతో కంపెనీ తెరవమని కూడా ఆయన చెబుతాడు. అదీ వద్దు. అడ్రసు, ఫోన్ నంబరు, మనిషి పేరు అన్నీ కలిపి చూస్తారు.

ఆ లిస్టు కార్డు నెట్‌వర్కుల వాళ్ళది. ఏ కంపెనీ ఖాతా మూసిందో అది నీ పేరు ఎక్కిస్తుంది. మిగతావాళ్ళు కొత్త ఖాతా ఇచ్చే ముందు చూసుకుంటారు. ఐదేళ్ళు ఉంటుంది. అది కోర్టు తీర్పు కాదు, విచారణ ఉండదు, నీ వాదన ఎవరూ అడగరు. ఎక్కించినవాళ్ళే తీయాలి తప్ప ఇంకెవరూ తీయలేరు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. 'పెద్దలకు మాత్రమే' అనే సరుకు అమ్మడం నేరం కాదు, లిస్టులో పడడానికి అదొక్కటే కారణం కాదు. రిస్కు ఎక్కువ అంటారు, ఫీజు ఎక్కువ తీసుకుంటారు, కొంత డబ్బు పట్టి ఉంచుతారు. అలాంటి వ్యాపారాలకని విడిగా కంపెనీలే ఉన్నాయి. ఆ షాపులవాళ్ళు మునిగేది రెండు చోట్ల. ఒకటి, కస్టమర్లు బ్యాంకుకి ఫోన్ చేసి "ఇది నేను కొనలేదు" అని డబ్బు వెనక్కి లాక్కోవడం. భర్త స్టేట్‌మెంట్ చూసి ఇదేమిటి అంటే, భార్య నాకేం తెలుసు అంటుంది, నష్టం షాపుకి. రెండు, ఏం అమ్ముతున్నారో ముందే చెప్పకపోవడం. సరుకు వల్ల మునిగినవాళ్ళ కంటే సరుకు దాచి మునిగినవాళ్ళే ఎక్కువ.

అందుకని, డబ్బు కట్టేసిన ఆర్డర్లన్నీ ఇప్పుడే పంపెయ్యి, పంపలేనివాటికి అడక్కుండానే డబ్బు తిరిగి ఇచ్చెయ్యి. మూసిన కంపెనీని కారణం రాతపూర్వకంగా అడుగు. ఇంకోటి, నువ్వు ఒప్పుకుంటే, ఆ వైబ్రేటర్లు సైట్లోంచి తీసెయ్యి. మిగిలింది నిజంగానే వైద్యం సరుకు, గొడవ ఉండదు.

నేను మా సిస్టమ్‌లో నీ పేరు కొట్టి చూడగలను వదినా. చూడను. ఉద్యోగం పోతుందని ఒక భయం. చూశాక నీ దగ్గర దాచలేనని ఇంకో భయం.

నీ కంపెనీ కాగితాల్లో నీ పేరు ఒక్కటే ఉందా, ఇంకెవరిదైనా ఉందా? ఇది వెంటనే రాయి.

ప్రిస్సిల్లా


టార్నీట్,
ఏప్రిల్

ప్రిస్సీ,

నీ ఉత్తరం చదివితే ఆఫీసు నోటీసు చదివినట్టుంది. "అయ్యో వదినా" అని ఒక్క ముక్క రాస్తే మీ కంపెనీ ఏమైనా మునిగిపోతుందా? కోపంతో రాయట్లేదులే. కొంచెం కోపమే.

విజయభాస్కర్ గారికి వద్దని చెప్పాను. "మీ ఇష్టం సిస్టర్, అందరూ చేసేదే" అన్నాడు. కారణం కూడా వచ్చింది. దరఖాస్తులో నా వ్యాపారం పేరు "బ్యూటీ ప్రాడక్ట్స్" అని ఉందట. వాళ్ళెవరో సైటు తెరిచి చూస్తే లిప్‌స్టిక్ ఒక్కటి లేదు, ఉన్నవి ఇవి. తప్పుడు వివరణ అని రాశారు. నేనా మాట చెప్పనే లేదు! సరుకులన్నీ పేరుపేరునా ఆయనకి వాట్సాప్‌లో పంపాను, ఇప్పటికీ ఉంది. అడిగితే, "మీలాంటి వాటికి అలాగే పెడతానండి, లేకపోతే పాస్ అవదు" అన్నాడు. కింద సంతకం నాది. చదవకుండా పెట్టాను. చదివి ఉంటే? నిజం చెప్పాలంటే, ఆ బ్యూటీ మాట చూసి హమ్మయ్య అనుకునేదాన్నేమో.

ఆర్డర్లన్నీ పంపాను. వైబ్రేటర్లు మాత్రం తీయను. ఒక రాత్రంతా ఆలోచించాను. తీసేస్తే నా షాపు ఏం చెబుతుంది? నొప్పి తగ్గించుకోవడం మర్యాద, హాయిగా ఉండడం అమర్యాద అనేగా? ఆ ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగింది నొప్పి గురించి కాదు. సగం వైద్యం, సగం సుఖం. ఎక్కడ కొయ్యాలో నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరో మీ లిస్టువాళ్ళని చెప్పమను.

నువ్వు అడిగింది: కాగితాల్లో ఇంకో పేరు ఉంది. మీ అన్నయ్యది. టాక్స్ కోసం ఇద్దరి పేర్లూ పెట్టమని అకౌంటెంట్ అంటే పెట్టాం. పనులన్నీ నావి, పేరు ఇద్దరిదీ. దానివల్ల ఏమవుతుంది?

ఈలోగా ఇంట్లో ఒక సంబరం. మీ అన్నయ్య వేర్‌హౌస్ ఉద్యోగం మానేసి సొంతంగా డ్రైవింగ్ స్కూల్ పెడుతున్నారు. నేర్పేవాళ్ళ వైపు కూడా పెడల్స్ ఉన్న కారు వచ్చేసింది, తలుపు మీద పేరు రాయించారు. ఈ రోజుల్లో క్యాష్ ఎవరిస్తారు అని కార్డు మెషీన్‌కి అప్లై చేశారు. పొద్దున్నే కారు తుడుచుకుంటూ పాట పాడుతున్నారు. చూస్తే నవ్వొస్తుంది.

నీ వదిన


వెస్ట్‌మీడ్,
ఏప్రిల్

వదినా,

అయ్యో వదినా. ముందు అది రాశాను, చూసుకో.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు. నువ్వు పక్కన లేవట, కారులోంచి చేశాడు. మెషీన్ ఇవ్వం అన్నారట. రెండు చోట్ల. "ప్రిస్సీ, నేనెవరికీ ఒక్క డాలర్ ఎగ్గొట్టలేదు. స్పీడింగ్ టికెట్ కూడా లేదు. నా పేరు మీద ఏముంది?" అన్నాడు. అన్నయ్య గొంతు అలా ఎప్పుడూ వినలేదు. చిన్నప్పుడు బాపట్లలో ఎవరి సైకిలో పోతే అన్నయ్య తీశాడని అన్నారు చూడు, తీయలేదు కదా, ఆ రోజు కూడా అలా మాట్లాడలేదు.

కంపెనీని లిస్టులో ఎక్కించేటప్పుడు యజమానుల పేర్లు కూడా ఎక్కిస్తారు. అందుకే అడిగాను నిన్ను. నువ్వు "దానివల్ల ఏమవుతుంది" అని రాశావు. ఇది అవుతుంది.

"కనుక్కుంటాను అన్నయ్యా" అన్నాను. కనుక్కోవడానికి ఏముంది, నాకు తెలుసు. నోరు నొక్కుకుని నీ మాట నిలబెట్టాను. ఇంకోసారి అడిగితే నిలబెట్టలేను.

మొన్న ఆఫీసులో కూర్చుని ఉంటే కొత్త ఆలోచన వచ్చింది. నేను రోజూ పేర్లు ఎక్కిస్తాను వదినా. నా పనే అది. ఎక్కువమంది ఎక్కాల్సినవాళ్ళే, జనం డబ్బు పట్టుకుని పారిపోయినవాళ్ళు. అయినా ఆ రోజు ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది. కంపెనీ పేరు కింద ఇద్దరు మనుషులు, ఒకే ఇంటిపేరు, ఒకే అడ్రసు. భార్యాభర్తలు. ఇద్దరికీ తెలుసా, ఒక్కరికేనా? ఆ ప్రశ్నకి మా స్క్రీన్ మీద గడి లేదు. మా మేనేజర్‌ని అడిగాను. "మనం చూసేది వ్యాపారం, సంసారం కాదు" అన్నాడు. తప్పనలేను. కానీ ఆ రెండో పేరు ఎక్కించే ముందు ఫైలు మొదటినుంచీ చదివాను.

అన్నయ్యకి చెప్పు. బ్యాంకువాళ్ళు చెప్పక ముందే చెప్పు. నీ నోటితో వింటే తట్టుకుంటాడు.

ప్రిస్సీ


టార్నీట్,
మే

ప్రిస్సీ,

చెప్పాను.

అన్నం తింటుంటే చెప్పాను. అదొక తప్పు. మనిషిని తిననిచ్చి చెప్పాల్సింది. మెషీన్ ఎందుకివ్వట్లేదో తెలుసు, నా వల్ల, అన్నాను. ఆయన నవ్వి, "నీ కాళ్ళ సాక్సులు ఏం చేశాయి రాణీ?" అన్నారు. ఇన్నాళ్ళూ నేను అమ్మేది వాపు తగ్గించే సాక్సులనే అనుకుంటున్నారు. గరాజ్‌లో పెట్టెలు మోసింది ఆయనే. ఒక్కటి విప్పి చూడలేదు. అంత నమ్మకం.

లేచి గరాజ్‌లోకి తీసుకెళ్ళి పెట్టెలు విప్పి చూపించాను. ఏది ఏమిటో చెప్పాను. నర్సు గొంతుతో చెప్పాను, ఆ గొంతు లేకపోతే ఏడ్చేసేదాన్ని. ఆయన దేన్నీ ముట్టుకోలేదు. చివరికి అన్నారు:

"విజయభాస్కర్‌కి తెలుసు."

"తెలుసు."

"బ్యాంకువాళ్ళకి తెలుసు. పోస్టాఫీసు ఆవిడకి తెలుసేమో. నా చెల్లెలికి?"

నేను తలూపాను.

"నాకు మాత్రం సాక్సులు."

అంతే ప్రిస్సీ. అరిస్తే బాగుండేది. నేనేదో తప్పు వ్యాపారం చేశానంటే వాదించడానికి నా దగ్గర వార్డు నిండా ఆడవాళ్ళున్నారు. ఆయన ఆ మాటే అనలేదు. సిగ్గుపడతారేమో అనుకున్నాను అన్నాను. "ఎవరు? నేనా, నువ్వా?" అన్నారు.

అప్పటినుంచీ ఇంట్లో మాటల్లేవు. టీ పెట్టి నా కప్పు నాకిస్తారు. కారు మీద గుడ్డ కప్పేశారు. నీకు ఫోన్ చేస్తే ఎత్తు. తిడితే పడు.

రాణి


వెస్ట్‌మీడ్,
మే

వదినా,

ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నువ్వు కూడానా" అన్నాడు, నాకు తిట్టినంత పనైంది. క్షమించమన్నాను. "సర్లే, దీనికి దారేమిటో చెప్పు" అన్నాడు. అన్నయ్య దారి అడిగాడంటే ఇంకా మనతోనే ఉన్నాడన్నమాట.

దారి ఇది. మూసిన కంపెనీకే విన్నపం రాయాలి. విజయభాస్కర్ గారికి నువ్వు పంపిన వాట్సాప్ జతచెయ్యి, ఆయన ఏం మార్చాడో రాయి. సంతకం నాదే, చదవలేదు అని కూడా రాయి. అది దాస్తే మిగతాది నమ్మరు. నీ పేరు తీస్తారని ఆశ పెట్టను. అన్నయ్య పేరు తీయడం తేలిక. ఆ దరఖాస్తు తను చూడలేదు, వ్యాపారం సంగతి తెలియదు, ఈ షాపుతో తనకే సంబంధమూ లేదు అని సంతకం పెట్టి ఇస్తే చాలు. అలా ఇచ్చినవాళ్ళని తీసేయడం నేను చూశాను. కాగితాల్లోంచి కూడా పేరు తప్పించమను. డ్రైవింగ్ స్కూల్ బతుకుతుంది.

నీకు కష్టంగానే ఉంటుంది. అయినా ఇద్దరూ మునగడం కంటే ఒకరైనా ఒడ్డున ఉండడం మంచిది కదా.

ప్రిస్సీ


టార్నీట్,
జూన్

ప్రిస్సీ,

చాలా జరిగాయి. వరసగా చెబుతాను.

కోలాక్ అవతల ఒక పాడి రైతు భార్య నా పాత కస్టమరు. ఖాతా మూసే ముందు డబ్బు కట్టింది. ఆవిడ పార్సెల్ చినిగిపోయి తిరిగొచ్చింది. మళ్ళీ పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో అని నాలో నేను గొణుక్కుంటుంటే మీ అన్నయ్య కారు తాళాలు బల్ల మీద పెట్టారు. "పద" అన్నారు. తీరా బయటికెళ్తే ఆయన ఎక్కింది ఎడమ పక్క సీటు. స్టీరింగ్ నాకు. ఊరంతటికీ డ్రైవింగ్ నేర్పబోయే మనిషి పెళ్ళాం ఫ్రీవే ఎక్కదని తెలుసుగా. ఎక్కించారు. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఏమిటో తెలుసా? "బ్లింకర్." తర్వాత "మిర్రర్." తర్వాత "భుజం మీదుగా చూడు, ఆ ట్రక్కు వాడు నీకోసం ఆగడు." జీలాంగ్ దాటేదాకా అవే మాటలు. భయంగానే ఉంది, కానీ ఆ గొంతు వింటుంటే ఎంత బావుందో.

ఆవిడ ఇంట్లో లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళిందట. వాళ్ళాయన బూట్లకి బురదతో షెడ్డులోంచి వచ్చాడు, పెద్దాయన. నేను పార్సెల్ ఇచ్చేలోపు మీ అన్నయ్యని చూసి, "షాపు నీదేనా మేట్?" అన్నాడు.

మీ అన్నయ్య నా వైపు చూసి, "మా ఆవిడది" అన్నారు.

పెద్దాయన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆవుల వైపు చూస్తూ చెప్పాడు, మా ఇద్దరి మొహాలూ చూడకుండా. "హాస్పిటల్ నుంచి వచ్చాక నేను గదిలోకి వెళ్తే ఆవిడ గోడ వైపు తిరిగేది. నామీద ఇష్టం పోయిందనుకున్నా. అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చాలా కాలం అలాగే గడిపాం. మీ డబ్బా వచ్చాక అదేంటో అడగాల్సొచ్చింది." బూటు బురద గడ్డికి రుద్దుకుంటూ, "అడగడమే కష్టం. మిగతాది ఫరవాలేదు" అన్నాడు. వద్దంటున్నా గుడ్ల ట్రే ఒకటి తెచ్చి మీ అన్నయ్య చేతుల్లో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బ్లింకర్ వెయ్యమని కూడా అనలేదు. వెర్రిబీ దగ్గర ఎగ్జిట్ మిస్సయ్యాను, అదీ ఏమనలేదు. ఇంటి ముందు కారు ఆపాక, "నేనూ అడగలేదు కదా రాణీ. ఇన్ని పెట్టెలు మోశాను, లోపలేముందని ఒక్కసారీ అడగలేదు" అన్నారు. "నేను చెప్పాలి" అన్నాను. "ఊ, నువ్వు చెప్పాలి" అన్నారు. ఊరికే ఒప్పేసుకోలేదు ప్రిస్సీ. నాకు అదే నచ్చింది.

ఇక నువ్వు చెప్పిన కాగితం. నేనే టైపు చేసి ఇచ్చాను. సంబంధం లేదు అన్న వాక్యంతో సహా. సంతకం పెట్టండి, మీ స్కూలైనా నిలబడుతుంది అని బతిమాలాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, కింద తన చేత్తో ఇంగ్లీషులో రాశారు: "ఆ రోజు నాకు తెలియదు. ఈ రోజు తెలుసు. షాపు మా ఇద్దరిదీ." సంతకం పెట్టి, నేను ఏడుస్తుంటే, తనే తీసుకెళ్ళి పోస్టులో వేసి వచ్చారు.

తప్పు చేశారా?

రాణి


వెస్ట్‌మీడ్,
జూన్

వదినా,

రిస్క్ టీము ప్రిస్సిల్లాని అడిగితే తప్పే చేశాడు అంటుంది. ఆ వాక్యం కొట్టేయకపోతే పని ఖాయంగా అయ్యేది. ఇప్పుడు ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు ఎలా చదువుతారో తెలియదు. ఇది చదివి ఆశ పెట్టుకోకండి.

చెల్లెల్ని అడిగితే ఉత్తరం రెండుసార్లు చదివి, లంచ్ రూములో కూర్చుని ముక్కు చీదుకుంది అని చెబుతుంది. అన్నయ్య సంతకం చేసింది నిజం. సంబంధం లేదన్న వాక్యమే అబద్ధమయ్యేది. అబద్ధం రాసి లిస్టులోంచి బయటపడమని సలహా ఇచ్చింది నేను, అదీ సరుకు పేరు దాచొద్దని నీకు క్లాసు పీకాక.

ఏం జవాబొచ్చినా రాయి. ఇకమీదట నా జవాబులు మీ ఇంటి అడ్రసుకే రాస్తాను.

ప్రిస్సీ


టార్నీట్,
ఆగస్టు

ప్రిస్సీ,

మీ అన్నయ్య పేరు తీసేశారు. దరఖాస్తు నాటికి ఆయనకి తెలియదన్నది ఒప్పుకున్నారు. కింద రాసిన దాని గురించి ఒక్క మాటా లేదు. చదివారో లేదో. స్కూలుకి మెషీన్ వచ్చింది. మొదటి స్టూడెంట్ మా వీధి చివర అబ్బాయే, కారుని ఫుట్‌పాత్ ఎక్కించాడట.

నా పేరు తీయలేదు. సంతకం నాది కాబట్టి ఐదేళ్ళూ ఉంటుందన్నారు. చదివి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను. న్యాయమా అంటే, కాదు. నా తప్పేం లేదా అంటే, ఉంది. తప్పుకీ శిక్షకీ కొలత కుదరలేదు, అంతే. పోట్లాడే ఓపిక ఉన్నప్పుడు మళ్ళీ రాస్తాను. ఈలోగా షాపు మూసుకుని కూర్చోను.

నువ్వు మొదటి ఉత్తరంలో రాశావే, ఇలాంటి సరుకు అని తెలిసే తీసుకునే కంపెనీలు ఉంటాయని, అలాంటిదొకటి దొరికింది. ఫీజు నడుం విరుగుతుంది, ప్రతి నెలా కొంత డబ్బు పట్టి ఉంచుతారు. నా పేరు లిస్టులో ఉందని, ఎందుకుందో కూడా, దరఖాస్తు మొదటి పేజీలోనే రాశాం. కస్టమర్ల స్టేట్‌మెంట్లో ఏ పేరు పడుతుందో కొనేముందే సైట్లో కనిపించేలా పెట్టాం. ఫెలోషిప్‌లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అడిగిన రోజు చెబుదాం అన్నారు. నాకూ అంతకంటే ధైర్యం లేదు.

నిన్న ఆ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ ఫోన్ వచ్చింది. కొత్త ఖాతా బాధ్యత ఆయన పేరు మీద పెట్టాం కాబట్టి ఆయనే మాట్లాడాలన్నారు. అలవాటు ప్రకారం స్పీకర్ పెట్టారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కొంచెం పెద్దావిడ గొంతు, తీరిగ్గా ఉంది.

"మీరు ఏం అమ్ముతారో చెప్పండి సర్."

నేను గరిటె పక్కన పెట్టి ఫోన్ అందుకోబోయాను. మీ అన్నయ్య చేత్తో ఆగమన్నారు. సైటులోంచి రాసుకున్న కాగితం ముందు పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి. ఒక్కొక్కటీ చదివారు ప్రిస్సీ. సైజులతో సహా. క్లచ్, బ్రేకు, గేరు అని పిల్లలకి చెప్పే గొంతుతో, ఎక్కడా మింగకుండా, ఆ మాట దగ్గర కూడా ఆగకుండా చివరిదాకా చదివారు.

ఆవిడ కాసేపు టైపు చేసుకుంది. "థాంక్యూ సర్. చాలామంది వెల్‌నెస్ అని ఊరుకుంటారు. తర్వాత నేను ఒక్కొక్కటీ లాగాలి" అంది. ఖాతా ఇస్తున్నట్టు సాయంత్రానికి మెయిల్ వచ్చింది, అది తర్వాతి సంగతి.

ఫోన్ పెట్టేసి గ్లాసుడు మంచినీళ్ళు తాగారు. కాగితం మడతపెట్టారు, మళ్ళీ విప్పారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "రాణీ, చివర్న చదివానే... అది ఎలా వాడతారు?" అని అడిగారు.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చెప్పాను. నర్సు గొంతుతో కాదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన ఇల్లంతా పట్టేదాకా ఇద్దరం లేవలేదు.

నీ వదిన,
మరియరాణి